పిల్లల కంటి పరీక్ష: రెండు చోట్ల రెండు నంబర్లు

మా ఏడేళ్ల బుడ్డోడు టీవీకి ముక్కు ఆనించి చూస్తున్నాడని విజయనగరం గంటస్తంభం వైపు ఒక కళ్లద్దాల షాపుకి తీసుకెళ్తే, మెషీన్‌లో రెండు నిమిషాలు చూసి మైనస్ 1.75 అని అద్దాలు అంటగట్టబోయారు. నమ్మకం కుదర్లేదు. మర్నాడు కళ్ల డాక్టరు దగ్గర చుక్కల మందు వేసి గంట కూర్చోబెట్టి (వాడు వెలుతురు భరించలేక వాళ్లమ్మ కొంగులో దూరిపోయాడు) చూస్తే మైనస్ 0.75! చుక్కలు వెయ్యకపోతే పిల్లలు కంటిని బిగించి చూస్తారు, నంబరు ఎక్కువొస్తుందట. డాక్టరమ్మ ఫోన్ తగ్గించమని, రోజూ రెండు గంటలు పగటి వెలుతురులో ఆడించమని, ముఖ్యంగా ఇంకా సైటు రాని చిన్నదాన్ని, ఓపిగ్గా చెప్పారు. కుర్చీలు మాత్రం నాలుగే, మూడు గంటలు నిలబడ్డాం. ఆరు నెలలకి మళ్లీ వెళ్తాం, ఈసారి టిఫిన్ కట్టుకుని.