సర్కారు వారి సినిమా మ్యూజియం: అద్దాల వెనుక ఉన్నదీ, లేనిదీ

ముంబయిలోని పెడ్డర్ రోడ్డు మీద, ప్రభుత్వ వార్తాచిత్రాల సంస్థ అయిన ఒకప్పటి ఫిల్మ్స్ డివిజన్ ఆవరణలో నెలకొన్న భారతీయ సినిమా జాతీయ మ్యూజియం 2019 జనవరి 19న ప్రధానమంత్రి చేతుల మీదుగా ప్రారంభమైంది. సుమారు 140 కోట్ల రూపాయల ప్రజాధనంతో, దర్శకుడు శ్యామ్ బెనగళ్ అధ్యక్షతన ఏర్పడిన సలహా సంఘం పర్యవేక్షణలో దీనిని తీర్చిదిద్దారు. మన సినిమా నూరేళ్ల చరిత్రను నామమాత్రపు టికెట్టుతో ఒక్కచోట చూపించే ప్రదర్శనశాల ఇది కాబట్టి, సినిమా మీద ఏ కొంచెం మక్కువ ఉన్నవారైనా ముంబయి వెళ్లినప్పుడు తప్పక చూడవలసిందే. అయితే సినిమాను పోషించడంలోనూ, అదుపు చేయడంలోనూ, పన్నులతో పిండడంలోనూ ప్రభుత్వం పోషించిన పాత్ర ఏమిటన్న ప్రశ్నకు, ఆ ప్రభుత్వమే కట్టించిన ఈ మ్యూజియం విభాగాల పట్టికలో ప్రత్యేకమైన చోటు లేదు. నా అభిప్రాయంలో ఇదే దీనికున్న అతి పెద్ద లోపం.

మ్యూజియం రెండు భవనాల్లో ఉంది. ఒకటి గుల్షన్ మహల్ అనే పంతొమ్మిదో శతాబ్దపు బంగళా, రెండోది దాని పక్కనే లేచిన కొత్త భవనం. చూడడం పాత బంగళాతోనే మొదలుపెట్టాలి. సినిమా పుట్టుక, అది మన దేశానికి రావడం, మూకీల కాలం, మాటలు రావడం, స్టూడియోల వైభవం, రెండో ప్రపంచ యుద్ధ ప్రభావం, నవ్య సినిమా (వ్యాపార సూత్రాలకు దూరంగా తీసిన కళాత్మక చిత్రాలు), ప్రాంతీయ సినిమా అంటూ కథ గది తరువాత గదిగా నడుస్తుంది. 1896 జులై 7న ఇదే నగరంలోని వాట్సన్ హోటల్లో లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలను ప్రదర్శించిన నాటి నుంచి, 1913లో ఫాల్కే తీసిన తొలి కథాచిత్రం మీదుగా, 1931 నాటి తొలి టాకీ దాకా నడిచే ఈ భాగంలో తెలుగువారికి తెలిసిన పేర్లు తలుచుకోవడానికి చాలా అవకాశముంది. ఆ తొలి హిందీ టాకీలోనూ, తొలి తమిళ టాకీలోనూ, తొలి తెలుగు టాకీలోనూ నటించినవాడు మన ఎల్.వి.ప్రసాద్. మచిలీపట్నం నుంచి మద్రాసు వెళ్లి, గెయిటీ థియేటరు కట్టి, కుమారుణ్ణి సినిమా విద్య కోసం విదేశాలకు పంపిన రఘుపతి వెంకయ్య నాయుడు సర్కారు సాయం లేకుండానే ఆ పని చేశారు.

యుద్ధకాలపు గదిలో మాత్రం కాస్త ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే ప్రభుత్వానికీ సినిమాకూ ఉన్న సంబంధం నిజంగా బిగుసుకున్నది అప్పుడే. ముడి ఫిల్ము అంతా దిగుమతి సరుకే కావడంతో, వలస ప్రభుత్వం దానికి రేషను పెట్టి, కథాచిత్రం నిడివి 11,000 అడుగులు మించరాదని ఆంక్ష విధించింది. యుద్ధ ప్రచారం కోసం ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా అనే సంస్థను నడిపి, 1946లో దానిని మూసివేసింది. దాని ఫలితంగా 1947 ఆగస్టు నాటికి స్వాతంత్ర్య సంబరాలను చిత్రించుకోవడానికి ప్రభుత్వానికి సొంత చిత్ర విభాగమే లేకపోయింది. ఆ లోటు తీర్చడానికి 1948లో పుట్టినదే ఫిల్మ్స్ డివిజన్. దాని వార్తాచిత్రాలను ప్రతి ఆటకు ముందు వేసి తీరాలన్నది అప్పట్లో థియేటర్ల లైసెన్సు షరతు, పైగా అందుకు అద్దె చెల్లించవలసి వచ్చినది కూడా థియేటరు యజమానులే. మన ఊళ్లలో న్యూస్‌రీలు నడుస్తున్నంతసేపూ బయట సోడా బండి దగ్గర నిలబడి, అసలు సినిమా మొదలయ్యే వేళకు లోపలికి వచ్చిన జనం ఆ సంస్థకు ఏ మాత్రం మార్కులు వేశారో వేరే చెప్పనక్కరలేదు. ఇంతటి విచిత్రమైన కథ పుట్టింది ఈ ఆవరణను ఏలిన సంస్థ నుంచే కనుక, దీనికి ఒక గది కేటాయించి ఉంటే మ్యూజియానికి వన్నె పెరిగేదే తప్ప తరిగేది కాదు.

కొత్త భవనంలో నాలుగు అంతస్తులున్నాయి. మొదట గాంధీజీ, సినిమా అన్న విభాగం, ఆ తరువాత పిల్లల సినిమా స్టూడియో, సాంకేతికత, దేశమంతటి సినిమా వస్తాయి. గాంధీజీ విభాగం ఆయన జీవితం మీద వచ్చిన చిత్రాలనూ, ఆయన భావాల ప్రభావాన్నీ చూపుతుంది. కానీ 1927లో టి.రంగాచారియార్ అధ్యక్షతన ఏర్పడిన సినిమాటోగ్రాఫ్ విచారణ సంఘం అభిప్రాయం అడిగినప్పుడు, తాను ఎన్నడూ సినిమాకు వెళ్లలేదనీ, దానివల్ల జరిగే కీడు బయటివాడికి కూడా స్పష్టంగా కనిపిస్తుందనీ బదులిచ్చినది ఆ గాంధీజీయే. ఆ సంఘం కథ ఇంకా ఆసక్తికరమైనది. అమెరికా చిత్రాలను తోసిరాజని బ్రిటిష్ సామ్రాజ్య చిత్రాలకు పెద్దపీట వేయించుకోవాలని దొరలు ఆశిస్తే, సంఘం అందుకు ఒప్పుకోక, సాయం చేయదలచుకుంటే భారతీయ నిర్మాతలకే చేయండని సిఫారసు చేసింది. నివేదిక అటకెక్కింది. దేశీయ సినిమాకు ప్రభుత్వం చేయూతనివ్వాలన్న ఆలోచనకు మొదటి అధికారిక పత్రం అదే కాబట్టి, కనీసం దాని ముఖచిత్రమైనా గాంధీజీ పటం పక్కన ఉండవలసింది.

ఇటువంటిదే ఎస్.కె.పాటిల్ సంఘం ముచ్చట. వినోదపు పన్ను భారం భరించలేక 1949 జూన్ 30న దేశమంతటా థియేటర్లు ఆ ఒక్కరోజు నిరసనగా మూతపడ్డాయి. ఆ ఏడాదే ప్రభుత్వం సినిమా పరిశ్రమ స్థితిగతులను పరిశీలించడానికి ఈ సంఘాన్ని నియమించింది. 1951లో వచ్చిన దాని నివేదిక పన్నులను తప్పుపట్టడమే కాక, చిత్రాలకు అప్పులిచ్చే సంస్థ, శిక్షణ సంస్థ, చిత్ర భాండాగారం కావాలని కోరింది. ఆ మూడూ వచ్చాయి గానీ సర్కారు నడకతో వచ్చాయి. 1960లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్, అదే ఏడాది పుణెలోని ప్రభాత్ స్టూడియో స్థలంలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, 1964లో జాతీయ చిత్ర భాండాగారం వెలిశాయి. భాండాగారం వచ్చేసరికే తొలి టాకీ ప్రతులతో సహా మూకీల్లో అత్యధిక భాగం మట్టిలో కలిసిపోయింది. పన్ను వసూలులో చూపిన చురుకుదనం భద్రపరచడంలో చూపి ఉంటే, ఈ మ్యూజియం గోడల మీద స్టిల్ ఫొటోల బదులు కదిలే బొమ్మలు మరికొన్ని ఉండేవి.

అప్పులిచ్చే సంస్థ చేసిన మేలును మాత్రం తక్కువ చేయరాదు. అంతకు ముందే, 1955లో విడుదలైన సత్యజిత్ రాయ్ తొలి చిత్రం ‘పథేర్ పాంచాలి’ (దారి పాట అని అర్థం) పూర్తి కావడానికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. రోడ్ల పద్దు కింద ఆ ఖర్చు రాశారన్నది సినిమావాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకునే మాట. 1969లో ఫైనాన్స్ కార్పొరేషన్ ఇచ్చిన చిన్న మొత్తంతో మృణాల్ సేన్ తీసిన చిత్రం నవ్య సినిమాకు దారి తీసింది. 1975లో ఏర్పడి 1980లో ఆ సంస్థను తనలో కలుపుకున్న ఎన్.ఎఫ్.డి.సి. (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ) మరెందరికో చేయూతనిచ్చింది. చిక్కల్లా ఎక్కడంటే, చిత్రం తీయడానికి డబ్బు ఇచ్చిన సర్కారు, దాన్ని జనానికి చూపించే థియేటరు సంగతి సరిగా ఆలోచించలేదు. పతకాలు అందుకున్న ఆ చిత్రాలను చాలామంది చూసింది దూరదర్శన్‌లోనే. నవ్య సినిమాకు కేటాయించిన భాగం దర్శకుల ప్రతిభను ఘనంగా చూపుతుంది. ఆ డబ్బు ఎక్కడ నుంచి వచ్చింది, తిరిగి ఎంత వచ్చింది అన్న లెక్క కూడా చెబితే సందర్శకుడికి పూర్తి బొమ్మ కనిపించేది.

దేశమంతటి సినిమా విభాగంలో తెలుగు ప్రేక్షకుడి కళ్లు సహజంగానే మనవాళ్ల కోసం వెదుకుతాయి. 1969 నాటి ఒక తమిళ చిత్రంలో ఎం.జి.ఆర్. తొడిగిన కవచం ఇక్కడి ప్రదర్శన వస్తువుల్లో ఒకటి. తెర మీద ధగధగలాడిన ఆ వస్తువును దగ్గరగా చూస్తే, ఎన్.టి.ఆర్. కిరీటాలూ భుజకీర్తులూ గుర్తుకు రాని తెలుగువాడు ఉండడు. ప్రాంతీయ సినిమాను కేవలం భాషలవారీ చిత్రాల చరిత్రగా చూడడం వల్ల జరిగే నష్టం మన విషయంలో మరీ ఎక్కువ. మద్రాసులో వేళ్లూనిన తెలుగు చిత్ర పరిశ్రమ హైదరాబాదుకు తరలి రావడంలో రాష్ట్ర ప్రభుత్వాల రాయితీలకూ, 1964లో మొదలైన నంది పురస్కారాలకూ, స్టూడియోలకు స్థలాలు ఇచ్చిన విధానానికీ పెద్ద వాటా ఉంది. 1976లో బంజారాహిల్స్ గుట్టల మధ్య అన్నపూర్ణ స్టూడియోస్ తెరుచుకోవడం ఆ వలసలో కీలకమైన మలుపు. ఒక పరిశ్రమ మొత్తం ఊరు మారిన ఉదంతం ప్రపంచ సినిమా చరిత్రలోనే అరుదు.

పిల్లల స్టూడియో నాకు అన్నిటికన్నా నచ్చింది. కెమెరా, లైట్లు, నటన, బొమ్మను కొంచెం కొంచెంగా కదిపి తీసే యానిమేషన్ వంటి పనులను పిల్లలు తామే చేసి చూసే ఏర్పాటు ఇక్కడ ఉంది. పిల్లల చిత్రాల కోసం 1955లోనే ప్రత్యేక సంస్థను పెట్టి, హైదరాబాదులో బంగారు ఏనుగు పేరిట అంతర్జాతీయ బాలల చిత్రోత్సవాలు జరిపిన ప్రభుత్వం, 2022లో ఆ సంస్థనూ, ఫిల్మ్స్ డివిజన్‌నూ, చిత్ర భాండాగారాన్నీ, చిత్రోత్సవాల విభాగాన్నీ ఎన్.ఎఫ్.డి.సి.లో కలిపేసింది. ఒకే గొడుగు వల్ల పని సులువవుతుందన్నది సర్కారు వాదన. సరుకు అమ్ముకోవలసిన సంస్థకు, అమ్ముడుపోని పాత రీళ్లను కాపాడే ఓపిక ఉంటుందా అన్నది చిత్ర ప్రియుల సందేహం, నా సందేహం కూడా అదే.

మ్యూజియానికి సోమవారాలూ ప్రభుత్వ సెలవులూ సెలవే. గ్రాంట్ రోడ్ స్టేషనులో దిగి టాక్సీలో వెళ్లడం సులువు. పిల్లలతో వెళ్లేవారు పాత బంగళాను త్వరగా ముగించుకుని కొత్త భవనానికి ఎక్కువ సమయం ఉంచుకోవడం మంచిది. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు ఒక పూట పూర్తిగా కేటాయించి, వెళ్లే ముందు పాటిల్ సంఘం గురించీ రంగాచారియార్ సంఘం గురించీ నాలుగు పేజీలు చదువుకుని వెళితే, అక్కడి అద్దాల వెనుక చెప్పని కథ కూడా కొంత అర్థమవుతుంది.