ఫియట్ 1.3 మల్టీజెట్: సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ల కోసం రివ్యూ

డీజిల్ స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగా, బ్రెజా. టాటా విస్టా, మాంజా, జెస్ట్. ఫియట్ పుంటో, లీనియా. షెవర్లే సెయిల్. ఏ బండి బానెట్ ఎత్తినా లోపల ఉన్నది ఒకే కుటుంబానికి చెందిన 1248 సీసీ ఇంజిన్. మారుతి దాన్ని డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది, ఫియట్ మల్టీజెట్ అంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధనలు రావడంతో మన దేశంలో దీని అమ్మకాలు ఆగిపోయాయి. కాబట్టి ఇప్పుడు కొంటే సెకండ్ హ్యాండ్‌లోనే కొనాలి. అలా కొనేవాళ్లకూ, ఉన్న బండిని ఇంకో లక్ష కిలోమీటర్లు నడుపుకోవాలనుకునేవాళ్లకూ ఈ రివ్యూ.

ముందే చెప్పేస్తాం: చిన్న డీజిల్ ఇంజిన్లలో మనకు దొరికిన మంచి డిజైన్లలో ఇదొకటి. కానీ దీని ప్రాణమంతా మూడు లీటర్ల పైచిలుకు ఆయిల్‌లో ఉంది. ఆ ఆయిల్ వేళకు మార్చిన బండి కొనొచ్చు. మార్చని బండి ఎంత చవకగా వచ్చినా వద్దు.

దీని వెనక కథ కొంచెం తెలిస్తే లోపాలు ఎక్కడినుంచి వస్తాయో అర్థమవుతుంది. కార్లకు పనికొచ్చే కామన్ రైల్ పద్ధతిని (అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందించడం) మొదట అభివృద్ధి చేసింది ఫియట్ బృందమే. తర్వాత దాన్ని విడిభాగాలు చేసే బాష్ కంపెనీకి ఇచ్చేసింది. ఆ పద్ధతితో 1997లో ఆల్ఫా రోమియో 156 జేటీడీ రోడ్డెక్కింది. అప్పట్లో ఒక్కో సైకిల్‌లో, అంటే సిలిండర్‌లో డీజిల్ ఒకసారి మండే విడతలో, ముందు ఒక చిన్న చిమ్ము, తర్వాత అసలు చిమ్ము, అంతే. రెండో తరమైన మల్టీజెట్‌లో ఒకే సైకిల్‌లో ఐదు సార్ల దాకా డీజిల్‌ను ముక్కలుగా చిమ్మొచ్చు. మంట ఒక్కసారిగా భగ్గుమనకుండా మెల్లగా అంటుకుంటుంది, అందుకే పాత ఇండికాల్లో వినపడే టకటక దీన్లో చాలా తక్కువ.

ఈ పద్ధతిని చిన్న ఇంజిన్‌లోకి దించే పని ఫియట్, జనరల్ మోటార్స్ జంటగా నడిపిన పవర్‌ట్రైన్ సంస్థలో జరిగింది. 2003లో పోలాండ్‌లోని బీల్‌స్కో-బియావా ప్లాంటులో ఉత్పత్తి మొదలైంది. బోరు 69.6 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 82 మిల్లీమీటర్లు, నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు, వాల్వులను వేళకు తెరిపించడానికి బెల్టు బదులు టైమింగ్ చైన్. బరువు దాదాపు 130 కిలోలు, పొడవు అర మీటరు. 2005లో 1 నుంచి 1.4 లీటర్ల విభాగంలో ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్ అవార్డు దీనికే వచ్చింది. యూరప్‌లో కార్లతో పాటు ఫియట్ డోబ్లో, ఫియోరినో, ఓపెల్ కాంబో లాంటి సరుకు వ్యాన్లలోనూ వేశారు.

మన దగ్గరకు 2007 జనవరిలో స్విఫ్ట్ డీజిల్‌తో వచ్చింది. మారుతి కోసం సుజుకి పవర్‌ట్రైన్ వాళ్లు మానేసర్‌లో తయారు చేశారు. ఫియట్, టాటా బండ్లకు పుణె దగ్గరి రంజన్‌గావ్ ప్లాంటు నుంచి వెళ్లేవి. డీజిల్ కార్లకు గిరాకీ విపరీతంగా పెరిగిన 2012లో మారుతి కూడా ఏడాదికి లక్ష ఇంజిన్లు రంజన్‌గావ్ నుంచి కొనుక్కునేందుకు ఒప్పందం చేసుకుంది. షెవర్లే బీట్‌లోని 936 సీసీ మూడు సిలిండర్ల డీజిల్ కూడా ఈ కుటుంబపు చెల్లెలే, కాకపోతే దాని స్పేర్లు, దాని సంగతులు వేరు.

ప్రధానంగా రెండు రకాలు గుర్తుపెట్టుకోండి. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, విస్టాలో మామూలు టర్బోతో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరం) 75 పీఎస్ శక్తి, 190 ఎన్ఎం టార్క్. ఎస్ఎక్స్ 4, ఎర్టిగా, మాంజా, బ్రెజా వంటి వాటిలో వీజీటీ టర్బోతో, అంటే రెక్కల కోణం మారే టర్బోతో, 90 పీఎస్, 200 ఎన్ఎం. కాగితం మీద తేడా చిన్నదే, నడిపితే పెద్దది. 75 పీఎస్ ఇంజిన్‌కు 2000 ఆర్పీఎం దాటేదాకా ఊపు రాదు. శ్రీశైలం, అరకు ఘాట్లలో ఐదుగురు ఎక్కి ఏసీ వేసుకున్నాక మలుపులో సెకండ్ గేరులో 1500కి పడిపోతే, ఫస్టుకు దించక తప్పదు. వీజీటీలో రెక్కలు కోణం మార్చుకుని తక్కువ ఆర్పీఎంలోనే గాలి తోస్తాయి, కాబట్టి ఆ ఇబ్బంది తగ్గుతుంది. ఘాట్ రోడ్లు, నిండా జనం మీకు మామూలైతే 90 పీఎస్ తీసుకోండి. హైదరాబాద్, విజయవాడ మధ్య హైవే తిరుగుళ్లకు 75 పీఎస్ హాయిగా సరిపోతుంది, పైగా దాని టర్బోలో చెడిపోయే కదిలే భాగాలు తక్కువ.

ఇక అసలు విషయం, ఆయిల్. ఫిల్టర్‌తో కలిపి పట్టేదే మూడు లీటర్ల పైచిలుకు. అందులో అర లీటరు తగ్గినా ఆరో వంతు పోయినట్టే. అదే ఆయిల్ టర్బో బేరింగులను చల్లబరచాలి, అదే ఒత్తిడితో చైన్ టెన్షనర్‌ను (చైన్ వదులు కాకుండా నొక్కి పట్టే భాగం) బిగించి ఉంచాలి. యూరప్‌లో 30,000 కిలోమీటర్లకు ఒకసారి మారిస్తే చాలన్నారు. అలా నడిపిన వ్యాన్లలో చైన్ సాగడం అక్కడ బాగా పేరుపడ్డ లోపం. మన ఎండకు, దుమ్ముకు, ట్రాఫిక్‌కు 10,000 కిలోమీటర్లు గానీ ఏడాది గానీ, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. క్యాబ్ అయితే 7,500కే మార్చడం మేలు. గ్రేడు 5డబ్ల్యు-30, మాన్యువల్‌లో చెప్పిన స్పెసిఫికేషన్‌ది. చల్లటి ఇంజిన్‌తో ఉదయాన్నే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) చూడటం నెలకు రెండుసార్లయినా చేయండి. ఆయిల్ లైటు వెలిగేదాకా ఆగితే అప్పటికే చైన్ కొంత అరిగి ఉంటుంది.

చైన్ సాగితే ఏమవుతుంది? పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్‌కు బెల్టులు ఉండే చివర గరగరమని చప్పుడు వస్తుంది. రెండు మూడు సెకన్లలో ఆగితే టెన్షనర్‌లోకి ఆయిల్ ఆలస్యంగా ఎక్కుతోందన్నమాట. వేడెక్కాక కూడా ఉంటే చైన్, గైడ్లు అరిగాయి. పట్టించుకోకపోతే చైన్ చక్రం మీద ఒక పన్ను జారుతుంది, వాల్వులు పిస్టన్‌కు తగిలి రాకర్ ఆర్ములు విరుగుతాయి, హెడ్ విప్పాల్సి వస్తుంది. మార్చేటప్పుడు చైన్ ఒక్కటే మార్చడం డబ్బు వృథా. చైన్, పైనా కిందా పళ్ల చక్రాలు, టెన్షనర్, గైడ్లు, ముందు ఆయిల్ సీలు, అన్నీ ఒకేసారి వేయాలి. క్యామ్‌లను, క్రాంకును కదలకుండా పట్టే లాకింగ్ టూల్స్ ఉన్న మెకానిక్‌కే ఇవ్వండి. పెయింటుతో గుర్తు పెట్టుకుని విప్పుతానంటే ఒప్పుకోవద్దు.

టర్బో విషయంలో చాలామంది తప్పు చేసే చోటు ఒకటుంది. టర్బో పోగానే కొత్తది బిగిస్తారు, కొన్ని నెలలకే అదీ పోతుంది. కారణం, టర్బోకు ఆయిల్ తెచ్చే సన్నటి పైపు మసి గడ్డలతో మూసుకుపోవడం. కొత్త టర్బో వేస్తే ఆయిల్ సప్లై పైపు కొత్తది వేయాలి, ఆయిల్ ఛాంబర్ దించి కడగాలి, ఇంటర్‌కూలర్‌లో (టర్బో తోసిన గాలిని చల్లబరిచేది) నిలిచిన ఆయిల్ వంపాలి. హైవే నుంచి దిగగానే ఇంజిన్ ఆపేయకుండా నిమిషం స్లో స్పీడులో ఉంచితే టర్బో ఆయుష్షు పెరుగుతుంది. పికప్ హఠాత్తుగా పోయి నల్ల పొగ వస్తే మాత్రం ముందు ఇంటర్‌కూలర్ గొట్టాలు చూడండి. చిరిగిన గొట్టానికి టర్బో మార్చిన బండ్లు ఉన్నాయి.

ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) మసితో బిగుసుకోవడం సిటీ బండ్లలో మామూలే. తక్కువ వేగంలో జర్కులు, పొగ దాని లక్షణాలు. విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. డీజిల్ చిమ్మే నాజిల్స్ కింద రాగి వాషరు లీకైతే ఇంజిన్ పైన తారులాంటి నల్ల గడ్డ పేరుకుంటుంది, చుక్ చుక్ అని చప్పుడు వస్తుంది. వాషరు మార్పు చిన్న ఖర్చే. ఆలస్యం చేస్తే నాజిల్ హెడ్‌లో అతుక్కుపోతుంది. ఏ నాజిల్ పాడైందో తెలుసుకోవడానికి రిటర్న్ పైపులు తీసి నాలుగు చిన్న సీసాలు పెట్టి, స్లో స్పీడులో కొన్ని నిమిషాలు నడిపి చూడాలి. మిగతావాటి కంటే ఎక్కువ డీజిల్ నిండిన సీసా ఏదో, దోషం అక్కడుంది. కొత్త నాజిల్ మీద కోడ్ ఉంటే దాన్ని ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్‌లో) రాయించాలి. డీజిల్ ఫిల్టర్‌లో చేరిన నీళ్లు వర్షాకాలంలో తప్పకుండా వంపించండి, హై ప్రెషర్ పంపును కాపాడేది అదే.

బండి చూడటానికి వెళ్లేటప్పుడు, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచమని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు రండి. చల్లటి స్టార్ట్‌లోనే చైన్ నిజం చెబుతుంది. తర్వాత డిప్‌స్టిక్. ఆయిల్ నల్లగా ఉండటం డీజిల్‌కు సహజం, కానీ ఆయిల్ పోసే చోట మూత లోపల చిక్కటి జిగురు ఉంటే ఆ బండికి ఆయిల్ సరిగా మార్చలేదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేసి చూడండి. పొగ గుప్పుగుప్పున ఎగదన్నితే పిస్టన్ రింగులు అరిగాయి, బోరు పని చేయించాల్సి వస్తుంది. కూలెంట్ డబ్బాలో ఆయిల్ జిడ్డు తేలితే ఆయిల్ కూలర్ సీళ్లు గానీ హెడ్ గ్యాస్కెట్ గానీ పోయి ఉండొచ్చు. థర్డ్ గేరులో 1500 నుంచి ఫుల్ యాక్సిలేటర్ ఇచ్చి చూడండి. 2000 దగ్గర ఒక తోపు స్పష్టంగా తెలియాలి.

కిలోమీటర్ల అంకెను మరీ నమ్మొద్దు, సర్వీసు రికార్డు అడగండి. లక్షా ఎనభై వేలు తిరిగి ప్రతి 10,000కూ ఆయిల్ మార్చిన స్విఫ్ట్, అరవై వేలే తిరిగి మూడేళ్లు ఒకే ఆయిల్‌తో నడిచిన స్విఫ్ట్ కంటే నిస్సందేహంగా మంచిది. 15 ఏళ్లు నిండబోయే బండైతే ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్ ఖర్చును ధరలోంచి తగ్గించి అడగండి. చైన్ కిట్ ఇదివరకే వేయించి ఉంటే ఆ బిల్లు చూసి, టెన్షనర్, గైడ్లు కూడా అందులో రాసి ఉన్నాయో లేదో సరిచూసుకోండి.