కుక్కతో కలిసి అరకులో గుడారం బస: ఒక చిన్న శిబిరంపై సమీక్ష

విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, తూర్పు కనుమల నడుమ ఉన్న అరకు లోయలో గుడారాల్లో బస ఏర్పాటు చేసే శిబిరాలు ఈ మధ్య బాగా పెరిగాయి. పెంపుడు కుక్కను వెంట తెచ్చుకోవచ్చని చెప్పేవి వాటిలో తక్కువ. అలా చెప్పినచోట కూడా కుక్క కోసం ప్రత్యేకంగా ఏమైనా ఏర్పాటు చేశారా అని అడిగితే సరైన సమాధానం దొరకడం అరుదు. డిసెంబరులో మా నాటు కుక్క సిరిని వెంటబెట్టుకొని కుటుంబమంతా బస చేసిన శిబిరం ఈ విషయంలో చాలా నయమనిపించింది. ఊరికి కాస్త ఎడంగా, కాఫీ తోట అంచున, స్థానిక యువకులు కొందరు కలిసి దాన్ని నడుపుతున్నారు. లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి పేరు చెప్పడం లేదు. కుక్కతో కొండల్లో బస చేయదలచినవారు ఇలాంటి చోట ఏమేం చూసుకోవాలో తెలియజేయడమే నా ఉద్దేశం.

గుడారం ఖరారు చేసుకునేటప్పుడే నిర్వాహకులు సిరి టీకాల పుస్తకం ఫోటో పంపమన్నారు. రేబిస్ టీకా గడువు దాటలేదని చూసుకున్నాకే అడ్వాన్సు తీసుకున్నారు. ఇది వట్టి లాంఛనం కాదు. చుట్టుపక్కల గూడేల్లో టీకాలు పడని కుక్కలుంటాయి కాబట్టి మన కుక్కకు వాటి వల్ల ఎంత ప్రమాదమో, వాటికి మన కుక్క వల్ల కూడా అంతే ప్రమాదం. డిస్టెంపర్, పార్వో వంటి జబ్బులు ఇలాగే ఒకచోటి నుంచి మరోచోటికి చేరతాయి. ఖరీదైన జాతి కుక్కలను మాత్రమే రానిచ్చి, నాటు కుక్క అనగానే ముఖం చిట్లించే బసలను చూసినదాన్ని కాబట్టి, ఇక్కడ జాతి ఊసే ఎత్తకుండా టీకాల గురించి మాత్రమే అడగడం నాకెంతో నచ్చింది.

రైల్లో వెళ్లాలనుకునేవారు ఒక విషయం గమనించాలి. ఫస్ట్ క్లాసులో కూపే అనే చిన్న గది మొత్తం మనకే దొరికితే తప్ప కుక్కను మనతోపాటు కూర్చోబెట్టుకోవడానికి రైల్వే నిబంధనలు ఒప్పుకోవు. విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలుకు తగిలించే అద్దాల విస్టాడోమ్ పెట్టెలోకి దాన్ని తీసుకెళ్లడం కుదరదు. అందుచేత కారు ప్రయాణమే మేలు. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఘాట్ రోడ్డు మలుపులకు కుక్కలు సులువుగా వాంతి చేసుకుంటాయి. బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలపాటు తిండి పెట్టకుండా, దారిలో తరచుగా ఆపి నీళ్లు తాగించి కాసేపు నడిపిస్తే ప్రయాణం తేలిగ్గా సాగుతుంది.

శిబిరంలో అన్నిటికన్నా మెచ్చుకోవలసింది కాఫీ కళ్లం విషయంలో వారు పాటించే జాగ్రత్త. అరకు ప్రాంతపు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి చాలామందికి తెలిసిందే. నవంబరు నుంచి జనవరి వరకు పండ్లు కోసే కాలం, పర్యాటకులు ఎక్కువగా వచ్చే కాలం కూడా అదే. తొక్క తీసిన గింజలను కళ్లంలో ఆరబోస్తారు, తీసిన తొక్కను ఓ పక్కన కుప్పగా పోస్తారు. పులిసిన ఆ తొక్క నుంచి వచ్చే తియ్యటి వాసనకు సిరి ముక్కు ఎగబీలుస్తూ, తాడు బిగుసుకునేదాకా అటే లాగింది. కాఫీలోని కెఫీన్ కుక్కలకు విషం. కాస్త ఎక్కువ మోతాదులో కడుపులోకి వెళితే వాంతులు, వణుకు, గుండెదడ మొదలై మూర్ఛ వరకు రావచ్చు. నిర్వాహకులకు ఈ సంగతి బాగా తెలుసు. కళ్లానికీ గుడారాలకీ మధ్య నడుము ఎత్తున వెదురు దడి కట్టారు, తొక్క కుప్పను దడికి అవతల చివర పోయిస్తున్నారు. దడి అడుగున ఒకచోట చిన్న కుక్కపిల్ల దూరగలిగేంత సందు ఉందని చూపిస్తే, సాయంత్రానికల్లా రాళ్లు పేర్చి మూసేశారు. ఇంత శ్రద్ధ ఎంతో ఖరీదైన బసల్లో కూడా నాకు కనిపించలేదు.

భోజనం మనుషులకు రుచిగానే ఉంది. కుక్కకు మాత్రం ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, అన్నం అడిగితే విడిగా వండి ఇచ్చారు. తోటి పర్యాటకుల చేతులను ఒక కంట కనిపెట్టక తప్పదు. బొంగు చికెన్ తింటూ ప్రేమకొద్దీ ఎముక ముక్క విసిరేవారు ప్రతి మంట చుట్టూ ఉంటారు. వండిన ఎముక చీలికలుగా విరిగి పేగులకు గుచ్చుకుంటుంది, ఉల్లి, వెల్లుల్లి కలిసిన మసాలా కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది. అరకులో ఎక్కడపడితే అక్కడ అమ్మే చాక్లెట్లకు కూడా కుక్కలను దూరంగా ఉంచాలి.

ఇక రాత్రి సంగతి. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి చలి మైదాన ప్రాంతంలో పెరిగిన, పొట్టి వెంట్రుకల కుక్కకు ఏమాత్రం అలవాటు లేనిది. పైన కప్పే దుప్పటి కంటే కింద పరిచేదే ముఖ్యం, ఎందుకంటే ఒంటి వేడినంతా నేల లాగేస్తుంది. శిబిరం వారు ఇచ్చిన పరుపు మనుషులకు సరిపోయింది గానీ కుక్కకంటూ వేరే ఏమీ ఇవ్వలేదు. మేం తీసుకెళ్లిన మందపాటి మ్యాట్ మీద గోనెపట్టా, దానిపైన పాత రగ్గు పరిస్తే సిరి ముడుచుకొని పడుకుంది. కుక్కకు విడిగా రాత్రికి 400 రూపాయలు తీసుకుంటున్నప్పుడు ఒక గోనెపట్టా, ఒక గిన్నె అయినా ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం.

నేను గట్టిగా ఫిర్యాదు చేయవలసింది మాత్రం సౌండ్ బాక్సుల గురించి. చలిమంట దగ్గర గూడెం మహిళలు ధింసా నృత్యం ఆడుతున్నంతసేపు డప్పు చప్పుడుకు సిరి ఏమీ బెదరలేదు, నా కాళ్ల దగ్గర కూర్చొని చూసింది. వారు వెళ్లిపోయాక ఒక పర్యాటక బృందం పెట్టించిన సినిమా పాటల హోరు అర్ధరాత్రి దాటేదాకా ఆగలేదు. మనకంటే ఎన్నో రెట్లు సున్నితంగా వినగలిగే జంతువుకు అది నరకం. సిరి చెవులు వెనక్కి వాల్చి, నోరు తెరిచి రొప్పుతూ, గుడారం జిప్పును కాలితో గీకుతూ ఉంటే ఎవరికి నిద్ర పడుతుంది? ఫలానా సమయానికి ఆపేస్తామని నిర్వాహకులు ముందు చెప్పిన మాట నిలబడలేదు. ఇలా బెదిరిన కుక్క చీకట్లో గుడారం దాటి పారిపోతే కొండల్లో వెతకడం ఎవరి తరం? మెడపట్టీకి ఫోన్ నంబరు ఉన్న బిళ్ల, రాత్రిపూట కూడా తాడు తప్పనిసరి.

తెల్లవారాక శిబిరం కుర్రాడు ఒకరు మమ్మల్ని గూడెం మధ్యగా కాకుండా తోట గట్ల వెంబడి నడిపించారు. కోళ్లూ మేకలూ గిరిజన కుటుంబాలకు ఆస్తి కదా, తాడు లేని కుక్కను వాటి మధ్యకు వదలడం అన్యాయం. గూడెం కుక్కలు కూడా తమ హద్దులోకి కొత్త కుక్క వస్తే ఊరుకోవు. పాడేరు దగ్గరి వంజంగి కొండకు మేఘాలు చూడటానికి వేకువన వచ్చే జనంలోకి కుక్కను తీసుకెళ్లవద్దని ఆ కుర్రాడు ఇచ్చిన సలహా కూడా సబబైనదే. కొండ ఊళ్ల నుంచి ఇంకా లోపలికి వెళ్లాలనుకునేవారు అభయారణ్యాల్లోకి, జాతీయ ఉద్యానవనాల్లోకి పెంపుడు కుక్కలను రానివ్వరని గుర్తుంచుకోవాలి.

ఈ శిబిరంలో ప్రథమ చికిత్స పెట్టె ఉంది, పశువైద్యుడి నంబరు గోడ మీద రాసి ఉంది. అయినా పెద్ద వైద్యం కావలసి వస్తే విశాఖపట్నమే దిక్కు, అంటే ఘాట్ రోడ్డు మీదుగా మూడు గంటల పైమాటే. అందుకే ముసలి కుక్కలను, ఊపిరి కష్టంగా తీసే పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులను తీసుకెళ్లమని నేను చెప్పను. పిడుదుల మందు బయలుదేరే ముందే వేయించాలి. రోజూ సాయంత్రం చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో, తోక మొదట్లో వేళ్లు పెట్టి వెతకాలి. పిడుదుల వల్ల వచ్చే జ్వరం వెంటనే బయటపడదు, ఒకటి నుంచి మూడు వారాల తరువాత తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, నీరసం వంటి లక్షణాలతో కనిపిస్తుంది. అప్పుడు కొండ ప్రాంతానికి వెళ్లొచ్చిన సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి.

గుడారానికి రాత్రికి 1,800 రూపాయలు, కుక్కకు పైన చెప్పిన మొత్తం. దడికి, విడి వంటకు, దారి చూపిన కుర్రాడికి కలిపి చూస్తే అది ఎక్కువేమీ కాదు. వారాంతంలో అయితే నేను మళ్లీ వెళ్లను. మామూలు రోజుల్లో, పెద్ద బృందాలు లేవని ఫోన్ చేసి కనుక్కొని, గుడారం కళ్లానికి దూరంగా తోట వైపు ఇవ్వమని అడిగి తప్పకుండా వెళతాను.