ఆరుబయట బొమ్మలు వేసేవారి 'సంపూర్ణ కిట్' కొనేముందు జాగ్రత్త

ఆరుబయట కూర్చుని ప్రకృతి దృశ్యాలు వేయాలని ఉందా? అయితే "కావలసినవన్నీ ఇందులోనే" అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే కిట్లను నమ్మకండి. నేను నమ్మి కొన్నాను. మొదటి ఉదయమే ఏడిపించింది.

ముందు ఈజిల్, అంటే బొమ్మ బోర్డును నిలబెట్టే స్టాండు సంగతి. సన్నటి గొట్టాల కాళ్లు, ప్లాస్టిక్ మరలు. తేలికగా ఉంటుందని ప్రకటనలో గొప్పగా రాశారు. కానీ నిలబెట్టిన బోర్డు గాలికి తెరచాపతో సమానం. ఒక మోస్తరు గాలికే ఈజిల్ కూలి, తడి బొమ్మ మట్టిలో బోర్లాపడింది. కాళ్ల మధ్య బరువు వేలాడదీయడానికి కొక్కెం ఉందేమో ఫొటోలో చూసుకోండి. ఉంటే ఒక గుడ్డ సంచి చాలు, రాళ్లు అక్కడే దొరుకుతాయి. నాకు వచ్చినదానికి కొక్కెం లేదు.

కాగితం మందం ఎక్కడా రాయలేదు. రెండో పూతకే అలలుగా లేచి, రంగంతా గుంటల్లో చేరింది. నీటిరంగులకు 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉండాలి. అంతకంటే పలుచనిదాన్ని ముందే తడిపి, బోర్డుకు అతికించి ఆరబెట్టుకోవాలి.

నాకు ఎక్కువ కోపం తెప్పించినవి రంగులు. ట్యూబుల మీద ముచ్చటైన పేర్లున్నాయి గానీ పిగ్మెంట్ సంకేతాలు, అంటే లోపల ఏ రంగు పదార్థం వాడారో చెప్పే అక్షరాలు, అంకెలు లేవు. అల్ట్రామెరైన్ నీలం అయితే పీబీ 29 అని ఉండాలి. పీఆర్ 83 అని ఉంటే అది అలిజరిన్ క్రిమ్సన్, వెలుతురుకు వెలిసిపోయే ఎరుపు. ఆ సంకేతమే లేకపోతే మనం ఇష్టంగా వేసిన బొమ్మ ఎన్నాళ్లు నిలుస్తుందో ఎలా తెలుస్తుంది? ఇది కొనేవారిని చీకట్లో ఉంచడమే.

ఇక గొడుగు. నీలం రంగు గొడుగు ఇచ్చారు! దాని నీడలో కాగితం నీలంగా కనిపిస్తే, సరిచేద్దామని నారింజ కలుపుతూ పోయాను. ఇంటికొచ్చి చూస్తే ఆకాశం కూడా నారింజ ఛాయకు తిరిగి ఉంది. గొడుగు తెలుపో, బూడిద రంగో, నలుపో అయి ఉండాలి. అసలు గొడుగే లేకపోయినా కష్టమే. ఎండలో మెరిసే కాగితం మీద రంగులు లేతగా అనిపించి ముదురుగా వేసేస్తాం, లోపలికి తెచ్చాక బొమ్మ మసకబారినట్టుంటుంది.

నిజంగా అక్కరకొచ్చేవి ఆ కిట్‌లో లేనే లేవు: గట్టి క్లిప్పులు, పాత నూలు గుడ్డ, మూత బిగుతుగా పట్టే నీళ్ల డబ్బా, టోపీ, చిన్న స్కెచ్ పుస్తకం. చివరిదాన్ని చిన్నచూపు చూడకండి. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, రెండు గంటల్లో నీడలన్నీ మారిపోతాయి. మొదటి పది నిమిషాల్లోనే వాటిని పెన్సిల్‌తో గీసిపెట్టుకోవాలి.

వాపసు అడిగితే "వాడిన వస్తువు" అని తోసిపుచ్చారు. మీరు ఇప్పటికే తెప్పించి ఉంటే, ట్యూబులు విప్పకముందే ఈజిల్ నిలబెట్టి, బోర్డు పెట్టి, చేత్తో మెల్లగా నెట్టి చూడండి. ఊగితే ఆ రోజే తిప్పి పంపండి.