రంగుల వలయానికి అందని చెనిక్కాయలు

పరిశోధన వ్యాసాల గురించి వార్తల్లోనూ సామాజిక మాధ్యమాల్లోనూ ఎంత చర్చ జరిగిందో లెక్కగట్టే ఆల్ట్‌మెట్రిక్ బుక్‌మార్క్‌లెట్‌ను, కడపలో భాషాశాస్త్ర పరిశోధన చేసుకుంటున్న నేను ఏడాదిగా వాడుతున్నాను. దీనికి రుసుము లేదు. బ్రౌజరు పట్టీలోకి లాగి పెట్టుకుని, వ్యాసం ఉన్న పేజీ తెరిచి నొక్కితే, ఆ వ్యాసానికి శాశ్వత గుర్తింపుగా ఇచ్చే డీఓఐ సంఖ్యను పట్టుకుని ఒక రంగుల వలయాన్నీ దాని నడుమ స్కోరునూ చూపిస్తుంది. వలయంలో ఎరుపు వార్తలది.

ద్రావిడ భాషా కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని అంచనా కట్టి, 2018 మార్చిలో రాయల్ సొసైటీ ఓపెన్ సైన్స్ పత్రికలో వెలువడిన వ్యాసాన్ని చూస్తే ఈ పనిముట్టు బలం తెలుస్తుంది. దానిపై రాసిన వార్తలను ఒక్కొక్కటిగా తెరిచి చదువుకునేలా వరుసగా ఇస్తుంది. స్కోరు కన్నా నాకు ఈ జాబితాయే విలువైనది. వ్యాసంలోని ‘సుమారు’ అనే మాట శీర్షికలకు ఎక్కేసరికి నిలిచిందో జారిపోయిందో పోల్చి చూసుకోవచ్చు.

స్కోరును మాత్రం ఆచితూచి చదవాలి. ఆల్ట్‌మెట్రిక్ సంస్థ ప్రకటించిన ప్రాథమిక లెక్కలో వార్తకు 8, బ్లాగుకు 5, ఫేస్‌బుక్ పోస్టుకు 0.25, మెచ్చుకున్నా తిట్టినా లెక్క ఒకటే. వ్యాసాన్ని మెండలీ అనే వ్యాసాల నిల్వ సాధనంలో దాచుకున్నవారి సంఖ్యను పక్కన చూపుతుంది గానీ స్కోరులో కలపదు. పరిశోధకులు చదవడానికి పెట్టుకునేది అక్కడే కదా, ఇది నాకు మింగుడుపడలేదు.

అసలు చిక్కు తెలుగు దగ్గర వస్తుంది. వేరుశెనగను ఏ ఊళ్లో బుడ్డలంటారో, ఏ ఊళ్లో చెనిక్కాయలంటారో సేకరించి నేను రాసిన వ్యాసాన్ని అచ్చువేసిన తెలుగు పత్రిక డీఓఐ ఇవ్వదు కనుక, వలయం దృష్టిలో అది లేనట్టే. ఆ వ్యాసం ఫోటో వాట్సాప్‌లో తిరిగి, “మా ఊళ్లో రెండూ అంటాం సార్, పెద్దోళ్లు ఒకటి, పిల్లోళ్లు ఒకటి” అని ఒక ఉపాధ్యాయుడు పంపిన సవరణ నా పరిశోధనకు దొరికిన అన్నిటికన్నా మంచి స్పందన. ప్రైవేటు సందేశం కాబట్టి అది ఏ లెక్కకూ అందదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ పదాల మాండలిక కోశం వంటి పాత అచ్చుపుస్తకాలదీ ఇంచుమించు ఇదే గతి.

ఇంగ్లీషు పత్రికల్లో రాసేవారు, ద్రావిడ భాషలపై కొత్త చర్చలు ఎటు సాగుతున్నాయో చూడదలచినవారు దీన్ని నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు. ఆల్ట్‌మెట్రిక్ విద్యాసంస్థలకు చందాపై ఇచ్చే ఎక్స్‌ప్లోరర్ అనే పనిముట్టు కోసం, తెలుగులోనే ఎక్కువగా ప్రచురించే విశ్వవిద్యాలయ శాఖలు డబ్బు పెట్టనక్కరలేదు.