బెజవాడలో రూము: పదకొండేళ్ళ అనుభవం

నరసన్నపేటలో మాకు చీరల కొట్టు ఉంది. మా ఆయన కొట్టులో కూర్చుంటారు, సరుకు తేవడం నా పని. 2014 నుంచి ఏడాదికి ఐదారుసార్లు బెజవాడ వన్‌టౌన్‌కి వస్తున్నాను, వస్త్రలతలోనూ ఆ చుట్టుపక్కల హోల్‌సేల్ కొట్లలోనూ చీరలు తీసుకుని, ఒక్కోసారి మంగళగిరి వెళ్ళి నిజాం అంచు కాటన్ చీరలు కూడా కట్టించుకుని పోతుంటాను. అంటే ఇప్పటికి అరవైసార్లకు పైగానే ఈ ఊళ్ళో ఎక్కడో ఒకచోట తలదాచుకున్నాను. మూడొందల బెడ్డు నుంచి ఆరువేల రూము దాకా అన్నీ చూశాను. మా ఊరివాళ్ళు ఎవరు బెజవాడ బయల్దేరినా నాకే ఫోన్ చేసి "వదినా, ఎక్కడ దిగమంటావు?" అని అడుగుతారు. ప్రతిసారీ ఫోన్లో చెప్పడం కంటే ఒకసారి కూర్చుని రాసేస్తే మేలనిపించింది.

అందరూ ముందు అడిగేది రేటు. నేను ముందు అడిగేది వేరు: "మీది 24 గంటల చెకౌటా, మధ్యాహ్నం 12కా?" ఈ ఒక్క ప్రశ్న అడగక నేను మొదటి రెండేళ్ళలో పోగొట్టుకున్న డబ్బు తక్కువ కాదు.

ఎలాగంటే, ఆమదాలవలసలో రాత్రి బండి ఎక్కితే తెల్లవారుజామున నాలుగున్నరకి బెజవాడలో దిగుతాను. పగలంతా కొనుగోళ్ళు, రాత్రి పదకొండుకి తిరుగు బండి. నాకు రూము కావలసింది స్నానానికి, మధ్యాహ్నం ఓ గంట నడుం వాల్చడానికి, సాయంత్రం సరుకు లెక్క చూసుకోవడానికి. ఒకసారి యాప్‌లో 850కి రూము కనిపించింది, పరవాలేదే అని బుక్ చేశాను. తెల్లవారుజామున వెళ్తే "చెకిన్ 12కండీ, ఇప్పుడు దిగితే నిన్నటి రోజు కూడా పడుతుంది" అన్నారు. వాదించాను, యాప్‌లో అలా రాసి లేదన్నాను, ఆ టైములో సోఫాలో కూర్చోవడానికి కూడా వాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి రెండు రోజులకి 1,700 కట్టాను. ఆ వీధిలోనే నాలుగు అడుగుల అవతల 1,100కి 24 గంటల లాడ్జి ఉంది! అక్కడ నాలుగున్నరకి తాళం తీసుకుంటే మర్నాడు నాలుగున్నర దాకా రూము నాదే, రాత్రి పదింటికి దర్జాగా ఖాళీ చేసి స్టేషన్‌కి నడిచి వెళ్ళిపోవచ్చు. 850 రూము ఖరీదు ఎక్కువ, 1,100 రూము ఖరీదు తక్కువ అని నాకు అప్పుడు అర్థమైంది.

మీరు సాయంత్రం వచ్చి మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయేవాళ్ళయితే మధ్యాహ్నం 12 చెకౌట్ పద్ధతితో ఇబ్బందేమీ లేదు. కారులో హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకి, పెళ్ళికి వచ్చేవాళ్ళకి అదే నయం, రూములు కూడా కాస్త కొత్తగా ఉంటాయి. తెల్లవారుజాము రైళ్ళకీ బస్సులకీ దిగేవాళ్ళే జాగ్రత్తపడాలి, బెజవాడలో దిగేవాళ్ళలో వాళ్ళే ఎక్కువ.

ఇంకో మాట, మన దగ్గర హోటల్ అంటే టిఫిన్ తినే చోటు. ఆటో ఎక్కి "మంచి హోటల్‌కి పోనివ్వు బాబూ" అంటే గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ దగ్గర ఆపుతాడు, అక్కడ వెన్న వేసిన ఇడ్లీ తినొచ్చు గానీ పడుకోలేం. లాడ్జి అని అడగండి. అలాగే హాస్టల్ అంటే ఇక్కడ చదువుకునే పిల్లలు, ఉద్యోగం చేసుకునేవాళ్ళు నెలకింత అని ఇచ్చి ఉండేది. వేరే ఊళ్ళలో టూరిస్టులకి బంకు బెడ్లు ఇచ్చే హాస్టళ్ళలాంటివి వెతుక్కుంటూ వస్తే నిరాశపడతారు. కానీ లేడీస్ హాస్టళ్ళు కొన్నిచోట్ల రోజు లెక్కన కూడా బెడ్డు ఇస్తాయి. మొగల్రాజపురంలో ఒక హాస్టల్లో రోజుకి 350 ఇచ్చి, పొద్దున టిఫిన్‌తో కలిపి, నేను ఐదారుసార్లు ఉన్నాను. బోర్డు మీద రాయరు, వార్డెన్‌తో ముందే ఫోన్‌లో మాట్లాడుకోవాలి, సెలవుల్లో పిల్లలు ఇళ్ళకి వెళ్ళినప్పుడు అయితే తప్పకుండా దొరుకుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకి గేటు వేసేస్తారు, సరుకు మూటలు లోపలికి రానివ్వరు. ఒంటరిగా పరీక్షకో ఇంటర్వ్యూకో వచ్చే ఆడపిల్లలకి మాత్రం ఇంతకంటే భద్రమైనదీ చవకైనదీ ఇంకోటి నాకు తెలీదు.

ఇంకా తక్కువలో కావాలంటే స్టేషన్‌లో రిటైరింగ్ రూములు, డార్మిటరీ ఉన్నాయి. ఐఆర్‌సీటీసీలోనే బుక్ చేసుకోవచ్చు, టికెట్ కన్ఫర్మ్ గానీ ఆర్‌ఏసీ గానీ అయి ఉండాలి, ఆ పీఎన్‌ఆర్ మీదే ఇస్తారు, గరిష్ఠంగా 48 గంటలు. ప్లాట్‌ఫామ్ దిగి మెట్లెక్కితే చాలు, ఆటోవాడితో బేరం ఉండదు, ఆ వేళకి అది పెద్ద సుఖం. రైళ్ళ అనౌన్స్‌మెంట్లు రాత్రంతా చెవిలో మోగుతూనే ఉంటాయి, నిద్ర పలచగా పట్టేవాళ్ళు ఆలోచించుకోండి. పండగల ముందు దొరకడం కష్టం, టికెట్ తీసిన రోజే చూసుకోవాలి.

ఇప్పుడు నేను ఎక్కువగా దిగే తరగతి, అంటే 900 నుంచి 1,500 లోపు లాడ్జీలు. ఇవి గాంధీనగర్, గవర్నర్‌పేట వైపు ఎక్కువ. స్టేషన్ తూర్పు గేటు నుంచి నడక దూరం, బీసెంట్ రోడ్డు పక్కనే, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ కూడా దగ్గరే. వన్‌టౌన్ పట్టాలకి అవతలి వైపు. సరుకు కోసం వచ్చేవాళ్ళు చాలామంది వన్‌టౌన్‌లోనే దిగుదామనుకుంటారు, నేనూ అనుకున్నాను, రెండేళ్ళు అక్కడే దిగాను కూడా. రాత్రి పార్శిల్ లారీలు లోడింగ్ మొదలుపెడితే అర్ధరాత్రి దాటేదాకా ఆగవు, హమాలీల కేకలు, రివర్స్ హారన్లు, వీధి వైపు రూము అయితే ఇక కన్ను మూయలేం. పగలు పని అక్కడ, రాత్రి పడక ఇవతల, ఇదే నాకు కుదిరింది.

రూము చూడకుండా డబ్బు కట్టకండి. ఎంత అలసటగా ఉన్నా, వెనక ఎంతమంది నిలబడి ఉన్నా, ముందు తాళం తీసి చూపించమనండి. నేను పరుపు మూల ఎత్తి కుట్ల దగ్గర సెల్‌ఫోన్ లైటు వేసి నల్లులున్నాయా అని చూస్తాను, చిన్న నల్ల మచ్చలు కనిపిస్తే వెంటనే బయటికి వచ్చేస్తాను, ఎందుకంటే నల్లి ఒక్క చీరల మూటలో చేరి ఇంటికి వచ్చిందంటే కొట్టంతా పాకుతుంది. తర్వాత బాత్‌రూం గడియ, తలుపు లోపలి గొళ్ళెం, కిటికీ మూత పడుతుందా లేదా. వేడినీళ్ళు ఏ టైముకి వస్తాయో అడగాలి, చాలాచోట్ల ఆరు నుంచి తొమ్మిది వరకే, నాలుగున్నరకి దిగిన మనిషికి అది పనికిరాదు.

ఎండాకాలంలో పై అంతస్తు రూము వద్దని గట్టిగా చెప్పండి. బెజవాడ ఎండ సంగతి తెలిసిందేగా, పగలంతా కాగిన స్లాబు రాత్రి రెండింటి దాకా సెగ వదులుతూనే ఉంటుంది, ఏసీ ఉన్నా మోటారు ఆగకుండా తిరుగుతుంది తప్ప గది చల్లబడదు. మూడు అంతస్తుల లాడ్జి అయితే మొదటి అంతస్తు, వెనకవైపు గది అడుగుతాను. గాలి తక్కువైనా నిద్ర పడుతుంది.

ఆధార్ అడిగితే నేను మాస్క్ చేసిన ఆధార్ ఇస్తాను, మొదటి ఎనిమిది అంకెలు కనపడవు, ఆధార్ ఇచ్చే ఉడాయ్ వెబ్‌సైట్‌లోనే డౌన్‌లోడ్ అవుతుంది. రిసెప్షన్ కుర్రాడు తన సొంత ఫోన్‌లో ఫొటో తీసుకుంటానంటే ఒప్పుకోకండి, రిజిస్టర్‌లో రాసుకోమనండి, కాదంటే జిరాక్స్ ఇచ్చి దాని మీద తేదీ, లాడ్జి పేరు రాసి సంతకం పెట్టండి.

బిల్లు విషయం. వెయ్యి లోపు రూములకి ఒకప్పుడు జీఎస్‌టీ లేదు, 2022 జులై 18 నుంచి 12 శాతం వేశారు, 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 దాకా ఉన్న రూములకి 5 శాతమే. 900 రూముకి అప్పుడు 1,008 అయ్యేది, ఇప్పుడు 945 అవ్వాలి. తగ్గించిన తర్వాత కూడా ఒకచోట నాకు పాత లెక్కనే 12 శాతం వేసి ఇచ్చారు, అడిగితే సాఫ్ట్‌వేర్ మార్చలేదన్నారు, నిలబడి మార్పించుకున్నాను. మీరూ చూసుకోండి.

ఒంటరి ఆడమనిషికి రూము ఇవ్వకపోవడం గురించి చెప్పాలి, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మొదటి రోజుల్లో మూడు లాడ్జీల్లో వరసగా "సింగిల్ లేడీకి ఇవ్వం మేడమ్" అన్నారు. తెల్లవారుజామున ఐదు గంటలు, చేతిలో డబ్బుంది, గుర్తింపు కార్డుంది, రూములు ఖాళీగా ఉన్నాయి, అయినా వద్దన్నారు. స్టేషన్ వెయిటింగ్ హాల్లో కూర్చుని ఏడ్చాను. కారణం అడిగితే "ఎందుకొచ్చిన గొడవ" అంటారు, అంతే. ఆ తర్వాత మా కొట్టు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ కాగితం, విజిటింగ్ కార్డు బ్యాగులో పెట్టుకుని తిరిగాను, ముందురోజు ఫోన్ చేసి "నేను ఒక్కదాన్నే వస్తాను, ఇస్తారా ఇవ్వరా" అని సూటిగా అడిగాను. అలా దొరికిందే ఇప్పుడు నేను దిగుతున్న గాంధీనగర్ లాడ్జి. నేను రాగానే మేనేజర్ గారు లిఫ్టుకి ఎదురుగా, సీసీ కెమెరా కనబడే రూము ఇస్తారు. అది నేను అడగలేదు, ఆయనే ఆలోచించారు. ఒంటరిగా ప్రయాణం చేసే ఆడవాళ్ళు రేటు వంద ఎక్కువైనా ఇలాంటి చోటే పట్టుకోండి.

ఆ లాడ్జి మీద నాకున్న నమ్మకం 2024 వరదలప్పుడు ఇంకా బలపడింది. వినాయకచవితి ముందు సరుకు కోసం ఆగస్టు 30న వచ్చాను. 31 శనివారం వాన ఆగలేదు, మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి మనుషులు పోయారన్నారు. ఆదివారం బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచేసింది. మా బండి రద్దయింది. సోమవారం ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదులుతున్నారని టీవీలో చూస్తూ రిసెప్షన్‌లో అందరం కూర్చున్నాం, ఎవరికీ నోట మాట లేదు. రూములు ఊడ్చే కుర్రాడి ఇల్లు సింగ్‌నగర్‌లోనే. వాళ్ళమ్మనీ చెల్లినీ పడవలో బయటికి తెచ్చేదాకా వాడి మొహంలో ప్రాణం లేదు. వాళ్ళు రాగానే మేనేజర్ గారు కింది రూము ఒకటి ఇచ్చేశారు. ఊళ్ళో పాల ప్యాకెట్ దొరకని ఆ రోజుల్లో చిక్కుకుపోయిన మా దగ్గర రేటు పెంచలేదు, మూడో రోజు నుంచి సగమే తీసుకున్నారు. అదే వీధిలో రెట్టింపు అడిగినవాళ్ళూ ఉన్నారు.

రెండు వేల నుంచి మూడున్నర వేల మధ్యవి బందరు రోడ్డు, లబ్బీపేట, బెంజి సర్కిల్ వైపు ఉంటాయి. మా అమ్మాయి ఇక్కడ ఇంటర్ చదివిన రెండేళ్ళూ ఆదివారం చూడటానికి వచ్చినప్పుడు అక్కడ దిగేవాళ్ళం, పోరంకి, ఎనికేపాడు వైపు కాలేజీ హాస్టళ్ళకి దగ్గర. నలుగురు ఉంటే ఎక్స్‌ట్రా బెడ్డు ఎంతో ముందే ఖాయం చేసుకోండి, అక్కడే బిల్లు పెరుగుతుంది. దానికి పైన స్టార్ హోటల్‌లో ఒకే ఒక్కసారి, మా మరిది పెళ్ళికి, ఆరువేలు పెట్టి ఉన్నాం. పరుపు, స్నానాల గది, పొద్దుటి బఫే అన్నీ బాగున్నాయి, పెద్దవాళ్ళని తీసుకొస్తే ఆ సుఖం విలువైనదే. పని మీద వచ్చేవాళ్ళకి మాత్రం అనవసరం, రోజంతా బయటే ఉంటాం.

కనకదుర్గమ్మ గుడికి జనం పోటెత్తే దసరాకి, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజు చుట్టూ, డిసెంబరులో భవానీ దీక్షల విరమణకి రూముల కోసం రావద్దు. వెయ్యి రూము మూడు వేలు చెబుతారు, అది కూడా రెండు రోజులకి కడితేనే. సంక్రాంతి సరుకు నాకు సరిగ్గా ఆ డిసెంబరులోనే కావాలి, అందుకని ఆ ఒక్కసారి గుంటూరులో దిగుతాను. బ్రాడీపేట, అరండల్‌పేట వైపు లాడ్జీల్లో మామూలు రేటే ఉంటుంది, బస్సులు రాత్రి దాకా దొరుకుతాయి, మంగళగిరి దారిలోనే కాబట్టి చీరల పని కూడా అయిపోతుంది. గంట ప్రయాణం ఎక్కువైనా లెక్క కలిసొచ్చింది.

ఈ మధ్య గాంధీనగర్‌లో పాత లాడ్జీలు ఒక్కొక్కటే రంగులు వేసుకుని, యాప్‌ల బోర్డు తగిలించుకుని, 24 గంటల పద్ధతి తీసేస్తున్నాయి. కిందటి నెల మా మేనేజర్ గారిని అడిగాను, మీరు కూడా మారుస్తారా అని. "ఓనరుగారు అనుకుంటున్నారమ్మా, ఇంకా తేల్చలేదు" అన్నారు. స్టేషన్ దగ్గర ఇంకా 24 గంటల లెక్కన, ఒంటరి ఆడవాళ్ళకి అడ్డు చెప్పకుండా రూము ఇస్తున్న చోట్లు మీకు తెలిస్తే చెప్పండి, శ్రావణమాసం సరుకుకి నేను మళ్ళీ రావాలి.