బొంత అంచుకి పట్టీ: కొన్నదా, కోసుకున్నదా?

ముందే తేల్చి చెప్పేస్తాను. పెద్దవాళ్ళు రోజూ కప్పుకునే బొంతకి షాపులో దొరికే రెడీమేడ్ పట్టీ వెయ్యకండి. పసిపిల్లల పక్కబొంతకి, గుండ్రటి మూలలున్న చిన్నవాటికి, వేడి గిన్నెలు దించుకునే మందపాటి గుడ్డలకి నిశ్చింతగా వేసుకోవచ్చు. ఈ మాట ధర చూసి కాదు, ఆరేళ్ళు ఉతికాక అంచులు ఎలా ఉన్నాయో చూసి చెబుతున్నాను.

వాడకంలో ఉన్నవి తొమ్మిది బొంతలు. నాలుగింటికి మ్యాచింగ్ సెంటర్‌లో కొన్న పట్టీ, నాలుగింటికి మీటరు కాటన్‌లోంచి కోసిన పట్టీ, ఒకదానికి పాత నేతచీర అంచు. అన్నీ నూలు చీరలు 4 నుంచి 6 పొరలు పరిచి కుట్టినవే. రెండింటికి మాత్రం మధ్యలో పల్చటి దూది పొర ఉంది. కొన్నింటిని మిషన్లో వేస్తాం, కొన్నింటిని బండ మీద ఉతికి ఇద్దరు చెరోవైపు పట్టుకుని పిండుతాం. ఈ పిండుడే అంచుకి అసలు పరీక్ష.

షాపులో క్రాస్ పట్టీ అనో బయాస్ పట్టీ అనో (రెండూ ఒకటే, గుడ్డని ఏటవాలుగా కోసి తీసిన పట్టీ) అడిగితే ఇచ్చేది జాకెట్టు మెడకీ, నైటీ చంకలకీ పనికొచ్చే సరుకు. పైపింగ్ అని అడిగారంటే కొన్నిచోట్ల లోపల తాడు పెట్టి కుట్టింది చేతిలో పెడతారు, అది వేరే. అర ఇంచి పట్టీ ఒక జానెడు ముక్క తీసుకుని మడతలన్నీ విప్పి చూడండి. ఉన్న గుడ్డ రెండు ఇంచులకి మించదు. రెండు అంచుల్నీ లోపలికి మడిచి, మళ్ళీ మధ్యకి మడిచారు గనక చేత్తో పట్టుకుంటే నాలుగు పొరల మందం తగులుతుంది. కుట్టాక చూస్తే బొంత చిట్టచివర, మంచం పట్టెకీ నేలకీ రాసుకునే ఆ మడత మీద, ఉండేది ఒక్క పొరే. ఇంట్లో కోసుకునే పద్ధతిలో 2½ ఇంచుల పట్టీని పొడుగునా సగానికి మడిచి, ఆ జంట పొరల్ని కలిపే కుడతాం. చివర రెండు పొరలు వస్తాయి. అర ఇంచి గుడ్డ ఎక్కువ పడినందుకు దక్కేది అదీ.

రెడీమేడ్ పట్టీ వేసినవాటిలో ముందు పాడైంది తలవైపు అంచు. గడ్డం కిందికి లాక్కునేది అదే, ఎక్కువ మాసేదీ, ఎక్కువ రుద్దేదీ అదే. మొదట రంగు వెలిసి మడత మీద తెల్ల గీత పడుతుంది. తర్వాత ఉండలు కడుతుంది, పాలిస్టర్ కలిసిన పట్టీకి ఇది ఖాయం. ఆపైన మడత మీది పోగులు తెగి, లోపలి చీరల అంచులు పీలికలుగా బయటికి తొంగిచూస్తాయి. రెండో ఏడు తిరిగేసరికి రెండు బొంతలు ఈ స్థితికి వచ్చాయి. ఇంట్లో కోసిన పట్టీల్లో ఒకదానికి నాలుగో ఏట పైపొర చిరిగింది. కింద రెండో పొర ఉండబట్టి లోపలి చీరలకి ఏమీ కాలేదు.

కుంగిపోవడం, అంటే ఉతికితే గుడ్డ కురచైపోవడం, ఇంకో తలనొప్పి. చీరకి ఫాల్ కుట్టేముందు ఫాల్‌ని నీళ్ళలో నానేసి ఆరబెట్టి ఇస్త్రీ చేస్తాం. ఎందుకో అందరికీ తెలుసు, లేకపోతే మొదటి ఉతుకుకే కుచ్చిళ్ళ దగ్గర ముడతలు పడుతుంది. బొంత అంచుకీ అదే న్యాయం. కాకపోతే ఇక్కడ తేడా రెండువైపులా కొడుతుంది. ఉతకని కాటన్ పట్టీ అయితే అది కుంగి బొంతని లాగేస్తుంది, అంచు పొడుగునా చిన్న చిన్న ముడతలు. పాలిస్టర్ పట్టీ అయితే అది కుంగదు, లోపలి దూది పొరా చీరలూ కుంగుతాయి, అంచు అలలు అలలుగా తేలుతుంది. దీనికి ఇస్త్రీ కూడా పనిచెయ్యదు. కాబట్టి కాటన్ పట్టీ అయినా, గుడ్డ అయినా వేడినీళ్ళలో ఓసారి ఉతికి గంజి వదిలించాకే కత్తిరించండి. రోలు పట్టీని ఉతికితే మడతలు విడిపోతాయి, మళ్ళీ మీటరు తర్వాత మీటరు ఇస్త్రీ పెట్టి మడవాలి. ఆ కష్టం ఎలాగూ పడాల్సి వచ్చినప్పుడు కొన్న లాభమేమిటో నాకు అర్థం కాదు.

అయినా కొనాలనుకుంటే షాపులోనే చూసుకోవాల్సినవి ఉన్నాయి. మడత విప్పి వెలుతురుకి పట్టుకోండి, నేత జల్లెడలా కనిపిస్తే వదిలెయ్యండి. గోటితో గీరితే తెల్లపొడి రాలితే గంజితో మందం తెచ్చారన్నమాట. మోచేతంత ముక్క ముందు కొని ఇంటికి తెచ్చి రెండు పోగులు లాగి అంటించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద మిగులుతుంది, పాలిస్టర్ కలిస్తే చివర గట్టి పూస కడుతుంది. రోలులో అతుకులు ఎక్కడెక్కడ పడ్డాయో కూడా చూడాలి. అవి సరిగ్గా మూల దగ్గరికి వచ్చాయంటే అక్కడ సూది దిగదు. ఇంకొకటి, చాలా పట్టీల్లో మడత సరిగ్గా సగానికి ఉండదు, ఒక వైపు నూలుపోగంత వెడల్పు ఎక్కువ ఉంటుంది. అది తయారీ లోపం కాదు, ఆ వెడల్పు వైపుని కిందికి పెట్టాలి. అప్పుడే పైనుంచి కుట్టేటప్పుడు కిందిది తప్పిపోకుండా కుట్టులో పడుతుంది.

ఇక కోసుకునే లెక్క. 60 బై 90 ఇంచుల బొంత అనుకుందాం. చుట్టుకొలత 300 ఇంచులు. మూలలకీ చివరి అతుక్కీ 12 కలిపితే 312. గుడ్డ 44 పన్నా అయితే అంచులు తీసేశాక 42 ఇంచులు మిగులుతుంది. ఒక్కో ఏటవాలు అతుక్కీ పట్టీ వెడల్పంత, అంటే 2½ ఇంచులు పోతుంది. ఏడు పట్టీలైతే 279 దగ్గరే ఆగిపోతాయి, ఎనిమిది పట్టీలకి 318 పైన వస్తుంది. ఎనిమిది రెండున్నరలు 20 ఇంచులు. ఉతికితే కుంగేదీ, గుడ్డ వంకర సరిచేసుకునేదీ కలుపుకుని 60 సెంటీమీటర్లు కొంటే సరిపోతుంది. 36 పన్నా గుడ్డలో పది పట్టీలు కావాలి, ముప్పావు మీటరు తీసుకోండి. షాపులో నిలబడి ఎనిమిది మీటర్ల రెడీమేడ్ పట్టీ ధర ఒకవైపు, ఈ అర మీటరు పైచిలుకు గుడ్డ ధర ఒకవైపు వేసుకుంటే ఏది చవకో మీకే తెలుస్తుంది.

2½ అన్నది నాలుగైదు చీరల మందానికి, పావు ఇంచి కుట్టుకి, అంటే అంచుకి పావు ఇంచి లోపల వేసే కుట్టుకి. దూది పెట్టినవాటికి పావు ఇంచి కుట్టు చాలదు, లోపలి పొర జారిపోతుంది. ఇంకాస్త లోపలికి, అంటే ⅜ ఇంచి దగ్గర కుట్టి, పట్టీని 3 ఇంచులు కొయ్యాలి. దీనికి 2½ కోస్తే వెనక్కి తిప్పినప్పుడు కుట్టుగీత వరకే వచ్చి ఆగిపోతుంది, లాగి లాగి హెమ్మింగ్ చేస్తే మూలలు పైకి లేస్తాయి. మందం మీద అనుమానముంటే అదే బొంత మూల మీద ఒక జానెడు ముక్క గుండుసూదులతో చుట్టి చూసుకున్నాకే మిగతాది కొయ్యండి.

గుడ్డని చింపవద్దు, సుద్దగీత పెట్టి కత్తిరించండి. చింపితే పోగు సరిగ్గా వస్తుంది నిజమే కానీ రెండు అంచులూ సాగి మెలితిరుగుతాయి, మడిస్తే సమంగా కూర్చోవు. కోత పన్నాకి అడ్డంగా పెట్టండి, అటు గుడ్డకి కాస్త సాగే గుణం ఉంటుంది. నిలువుగా కోస్తే అతుకులు తగ్గుతాయి కానీ పట్టీ బిర్రుగా ఉండి మూల తిరగదు.

అతుకు నేరుగా వెయ్యడం చాలామంది చేసే పొరపాటు. సగానికి మడిచి, వెనక్కి తిప్పాక అన్ని పొరలూ ఒకేచోట గుట్టపడి, ఉతికినప్పుడల్లా ఆ గుట్టే ముందు అరుగుతుంది. రెండు పట్టీల పైవైపులు ఎదురెదురుగా, ఒకటి అడ్డం ఒకటి నిలువు పెట్టి, మూల నుంచి మూలకి ఏటవాలుగా కుట్టండి. పావు ఇంచి ఉంచి మిగతాది కత్తిరించి, అతుకు రెండువైపులా విప్పి ఇస్త్రీ చెయ్యండి. తర్వాత మొత్తం పట్టీని పొడుగునా సగానికి మడిచి ఇస్త్రీ. కోత, అతుకులు, ఇస్త్రీ అన్నీ కలిపి గంట పని. అలవాటయ్యాక ఇంకా తగ్గుతుంది.

కుట్టేముందు బొంత చుట్టూ అంచుకి ⅛ ఇంచి లోపల పెద్ద టాకాలతో ఒక వరస వేసుకోండి. లేదంటే మిషను పాదం కింద పైచీర ముందుకు జరిగి కిందిది వెనకబడిపోతుంది. సూది 16 నంబరు, టాకా 3 మిల్లీమీటర్లు. పట్టీ తెరిచిన అంచులు బొంత అంచుతో కలిపి, మడత లోపలివైపుకి ఉండేలా పెట్టి, ఏదైనా ఒక వైపు మధ్యలో మొదలుపెట్టండి. మూల దగ్గర ఎప్పుడూ మొదలుపెట్టకూడదు. మొదట 10 ఇంచులు కుట్టకుండా వదిలెయ్యాలి.

మూల దగ్గరికి వచ్చాక, మీ కుట్టు పావు ఇంచి అయితే సరిగ్గా పావు ఇంచి ముందే ఆపి, దారం తెంపండి. పట్టీని పైకి ఏటవాలుగా మడిచి, మళ్ళీ కిందికి మడవండి. పైమడత బొంత అంచుకి సమంగా ఉండాలి. ఇప్పుడు కొత్త వైపు అంచు నుంచే కుట్టు మొదలవుతుంది. మూల గుండ్రంగా, మొద్దుగా వచ్చిందంటే పావు ఇంచి దాటి కుట్టేశారని. చెవిలా పొడుచుకొచ్చిందంటే చాలా ముందే ఆపేశారని. కుట్టు రెండు టాకాలు విప్పి సరిచేసుకుంటే పోతుంది, వెనకవైపు హెమ్మింగ్ అయ్యాక మాత్రం విప్పబుద్ధి కాదు.

చివరి అతుకే అందరినీ ఏడిపించేది. తుదీ మొదలూ మధ్య 12 ఇంచుల ఖాళీ ఉన్నప్పుడు ఆగి, రెండు కొసల్నీ ఒకదాని మీద ఒకటి పరిచి, పట్టీ వెడల్పెంతో అంతే ఒకదానిపైకొకటి వచ్చేలా కత్తిరించండి. 2½ పట్టీకి 2½ ఇంచులు, ఒక్క నూలు కూడా ఎక్కువ వద్దు. మడత విప్పి, ముందు చెప్పినట్టే ఏటవాలుగా అతకాలి. కుట్టేముందు గుండుసూదులు పెట్టి పట్టీని అంచు మీద వేసి చూసుకోండి. మెలిపడి ఉంటే ఇక్కడే తెలుస్తుంది. వెనక్కి తిప్పాక చేతి హెమ్మింగ్ నయం. మిషను కుట్టు త్వరగా అవుతుంది కానీ ఆ గీత వెంబడే పట్టీ తెగుతోంది.

గుండ్రటి మూలలకి మాత్రం అడ్డంకోత పట్టీ పనికిరాదు, ముడతలు పడుతుంది. క్రాస్ కావలసిందే. 30 ఇంచుల నలుచదరపు గుడ్డలోంచి 2½ వెడల్పు క్రాస్ పట్టీ లెక్కకి 360 ఇంచులు వస్తుంది, అతుకుల్లో కొంత పోయినా మన బొంతకి చాలు. క్రాస్‌కి ఇంకో గుణం ఉంది, మడత మీద ఒకే పోగు పడి ఉండదు, ఎన్నో పోగులు అడ్డంగా దాటుతాయి, అరుగుదల పంచుకుంటాయి. చారల గుడ్డ, గళ్ళ గుడ్డ క్రాస్‌లో కోస్తే ఆ అందమే వేరు. కానీ కుట్టేటప్పుడు లాగితే మొత్తం అంచు అలలు తేలుతుంది. పట్టీని వేళ్ళతో నడిపించాలి గానీ లాగకూడదు. మిషనుకి బిగించే, పట్టీని మడిచి అందించే ఫోల్డరు ఉంటే చాలా త్వరగా సాగుతుంది కానీ అది చదరపు మూల తిప్పలేదు. బజారు రజాయిల మూలలు గుండ్రంగా ఉండటానికి అదీ ఒక కారణం.

ఏ గుడ్డ? ఒత్తుగా నేసిన సాదా కాటన్. పెడన కలంకారీ గుడ్డ అంచుకి బాగా నప్పుతుంది కానీ ఎరుపూ నలుపూ నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతకాలి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు ఆగుతుందన్న మాట నమ్మకండి, మిగులు రంగు కడిగితేనే పోతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో నేత పలచగా ఉన్నవి కోత దగ్గర పోగులు విడుస్తాయి, అలాంటివాటికి కుట్టు పావు ఇంచి కన్నా లోపలికి వెయ్యాలి.

పాత నేతచీర అంచు వేసిన తొమ్మిదో బొంత చూడటానికి అన్నిటికన్నా బాగుంది. జరీ లేని నూలు అంచు అయితేనే ఇలా వెయ్యాలి, జరీ మెడకి గుచ్చుకుంటుంది, ఉతికితే తీగలు లేస్తాయి. చీర అంచు బిగువైన నేత, అస్సలు సాగదు, అందుకే మూలలు మొద్దుగా వచ్చాయి. మడత దగ్గర రెండు బొటనవేళ్ళతో గట్టిగా లాగి చూసి, చిరచిరమన్న చీర పక్కన పెట్టండి.

అమెరికాలో ఉండేవాళ్ళకి దొరికే రెడీమేడ్ ప్యాకెట్ సాధారణంగా 3 గజాలు, అంటే 108 ఇంచులు. ఈ కొలత బొంతకి మూడు కావాలి, మిగిలేది పన్నెండు ఇంచులే. అక్కడ జెల్లీ రోల్ పేరుతో 2½ ఇంచుల కాటన్ పట్టీలు కోసి అమ్ముతారు, ఎనిమిది తీసుకుని అతికితే కోత పని తప్పుతుంది. మధ్యేమార్గం అంటే నాకు అదే నచ్చింది. పట్టీ మడిచే చిన్న ఇత్తడి పనిముట్టు జంట పొరల పద్ధతికి అక్కర్లేదు, కొనకండి.

పైపొర చిరిగిన పట్టీని విప్పొద్దు. దాని మీదే 3 ఇంచుల కొత్త పట్టీ, ⅜ దగ్గర కుట్టి, పాతదాన్ని లోపల మూసెయ్యండి. నాలుగో ఏట అలా వేసిన అంచు ఇంకా చెక్కుచెదరలేదు.